హైపర్‌థైరాయిడిజం: అవటు గ్రంథి అతిక్రియ

నిర్వచనం, పదప్రయోగం

మెడ ముందుభాగంలోని అవటు గ్రంథి, అంటే వాడుకలో థైరాయిడ్, శరీర అవసరానికి మించి హార్మోన్లను తయారుచేసి రక్తంలోకి వదిలే స్థితిని హైపర్‌థైరాయిడిజం అంటారు. దీనికి దగ్గరగా ఉండే మరో పదం థైరోటాక్సికోసిస్. హార్మోన్ ఎక్కడి నుంచి వచ్చినా సరే, అది రక్తంలో ఎక్కువై శరీరం మీద చూపే ప్రభావమంతటికీ ఈ రెండో పదం వర్తిస్తుంది. గ్రంథి అతిగా పనిచేయడం, వాపు వల్ల దెబ్బతిని నిల్వలు ఒలికిపోవడం, మాత్రల రూపంలో హార్మోన్ మోతాదు మించడం అనే మూడూ థైరోటాక్సికోసిస్ కిందికే వస్తాయి; వీటిలో మొదటిది మాత్రమే హైపర్‌థైరాయిడిజం. మూడింటి లక్షణాలూ చాలావరకు ఒకటే అయినా చికిత్సలు వేరు కాబట్టి ఈ భేదాన్ని మొదటే గుర్తించడం అవసరం.

తెలుగు వాడుకలో ‘థైరాయిడ్ ఉంది’, ‘థైరాయిడ్ వచ్చింది’ అనే మాటలు జబ్బు పేరుగా స్థిరపడ్డాయి. నిజానికి థైరాయిడ్ అందరికీ పుట్టుకతో ఉండే అవయవం. ఈ మాటలు ఎక్కువగా సూచించేది హార్మోన్ తగ్గిపోయే హైపోథైరాయిడిజాన్ని, ప్రస్తుత వ్యాస విషయం దానికి సరిగ్గా వ్యతిరేకమైన స్థితి. ఒకరికి ఇచ్చే మాత్ర మరొకరికి హాని చేస్తుంది గనుక, రోగి తన జబ్బు ఈ రెండింటిలో ఏదో పూర్తి పేరుతో తెలుసుకొని ఉండటం మంచిది.

గ్రంథి నిర్మాణం, పనితీరు

గొంతుముడికి కొద్దిగా కింద, వాయునాళాన్ని ముందువైపు నుంచి హత్తుకొని, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో ఉండే ఈ గ్రంథి పెద్దవారిలో 15 నుంచి 20 గ్రాముల బరువు ఉంటుంది. దీని లోపల గుండ్రని సూక్ష్మ పుటికలు ఉంటాయి. వాటి గోడలలోని కణాలు రక్తం నుంచి అయోడిన్‌ను లాక్కొని, థైరాయిడ్ పెరాక్సిడేజ్ అనే ఎంజైము సాయంతో థైరోగ్లోబ్యులిన్ అనే ప్రోటీనుకు జోడిస్తాయి. ఇలా తయారైన హార్మోన్లలో నాలుగు అయోడిన్ పరమాణువులున్నది థైరాక్సిన్ లేదా టీ4, మూడున్నది టీ3. గ్రంథి ప్రధానంగా టీ4నే విడుదల చేస్తుంది; కాలేయం, మూత్రపిండాలు వంటి అవయవాలలో అందులోని ఒక అయోడిన్ పరమాణువు తొలగిపోగా, కణాల మీద అసలు పని చేసే టీ3 ఏర్పడుతుంది.

ఇతర వినాళ గ్రంథులకు లేని ఒక ప్రత్యేకత దీనికి ఉంది. తయారైన హార్మోన్‌ను పుటికల మధ్యలోని జిగురు పదార్థంలో వారాల తరబడి సరిపోయేంతగా ఇది దాచుకుంటుంది. ఔషధం తయారీని ఆపినా లక్షణాలు తగ్గడానికి కొన్ని వారాలు ఎందుకు పడుతుందో, గ్రంథికి వాపు వస్తే కొత్త హార్మోన్ ఒక్క చుక్క తయారుకాకపోయినా రక్తంలో స్థాయి ఎందుకు పెరుగుతుందో ఈ నిల్వ వల్లనే అర్థమవుతుంది.

గ్రంథిని మెదడు అడుగుభాగంలోని పీయూష గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోన్ ద్వారా నడిపిస్తుంది. రక్తంలో టీ4, టీ3 పెరిగితే పీయూష గ్రంథి టీఎస్‌హెచ్‌ను తగ్గిస్తుంది, తగ్గితే పెంచుతుంది. టీ4లో కొద్దిపాటి మార్పుకు కూడా టీఎస్‌హెచ్ అనేక రెట్లు స్పందిస్తుంది కాబట్టి, అతిక్రియకు తొలి ఆనవాలు సాధారణంగా టీఎస్‌హెచ్ పడిపోవడమే. అతిక్రియ అంటే టీఎస్‌హెచ్ ఎక్కువ ఉండటమనే అపోహ రోగనిర్ధారణ పత్రాలు చదువుకునేవారిలో కనిపిస్తుంది. ఒక్క అరుదైన కారణాన్ని మినహాయిస్తే జరిగేది దానికి విరుద్ధం.

చరిత్ర

మెడ వాపును సుశ్రుత సంహిత గలగండం అనే పేరుతో వర్ణించింది. అయితే మెడ వాపుతో పాటు గుండె దడ, కళ్ళు పొడుచుకురావడం ఒకే వ్యాధికి చెందినవన్న గుర్తింపు ఐరోపాలో 18వ శతాబ్దం చివర మొదలైంది. ఇంగ్లండ్‌లోని బాత్ నగర వైద్యుడు కేలబ్ హిల్లియర్ ప్యారీ 1786లో ఇటువంటి రోగిని గమనించినా, ఆయన పరిశీలనలు మరణానంతరం 1825లో గాని అచ్చు కాలేదు. డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ 1835లోనూ, జర్మనీలోని మెర్సెబుర్గ్‌లో కార్ల్ ఫన్ బాసెడో 1840లోనూ దీన్ని వర్ణించారు. అందుకే ఆంగ్లం చలామణిలో ఉన్న దేశాలలో గ్రేవ్స్ వ్యాధి అనీ, ఐరోపా ఖండంలో బాసెడో వ్యాధి అనీ రెండు పేర్లు నిలిచాయి. తొలి వర్ణనలు దీన్ని గుండె జబ్బుగానో నరాల జబ్బుగానో భావించాయి. మూలం అవటు గ్రంథి అతిక్రియ అని 1886లో పాల్ మోబియస్ ప్రతిపాదించాడు.

చికిత్స మొదట శస్త్రవైద్యుల చేతిలో ఉండేది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో థియోడోర్ కోఖర్ ఈ గ్రంథి ఆపరేషన్‌ను ప్రాణాంతక స్థితి నుంచి సురక్షిత స్థితికి తెచ్చి 1909లో నోబెల్ బహుమతి పొందాడు. ఎడ్వర్డ్ కెండాల్ 1914లో థైరాక్సిన్‌ను వేరుచేయగా, దాని నిర్మాణాన్ని 1926లో చార్లెస్ హారింగ్టన్ తేల్చాడు. టీ3ని 1952లో జాక్ గ్రాస్, రోసలిండ్ పిట్-రివర్స్ గుర్తించారు. మధ్యలో రెండు ఏళ్ళ తేడాతో రెండు కొత్త మార్గాలు తెరుచుకున్నాయి. 1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ రేడియోధార్మిక అయోడిన్‌ను రోగులకు ఇవ్వగా, 1943లో ఎడ్విన్ ఆస్ట్‌వుడ్ హార్మోన్ తయారీని అడ్డుకునే థయోయురాసిల్‌ను వాడి చూపాడు. గ్రేవ్స్ రోగుల రక్తంలో టీఎస్‌హెచ్ కాని మరో ఉత్తేజక పదార్థం ఉందని న్యూజీలాండ్‌లో ఆడమ్స్, పర్వెస్ 1956లో కనుగొన్న తరువాతే ఈ వ్యాధి స్వయం ప్రతిరక్షక వ్యాధి అని తెలియడానికి దారి ఏర్పడింది.

కారణాలు: గ్రేవ్స్ వ్యాధి

అతిక్రియకు గురైనవారిలో అత్యధికులకు కారణం గ్రేవ్స్ వ్యాధే. శరీర రక్షణ వ్యవస్థ పొరపాటుగా తయారుచేసే ఒక ప్రతిరక్షకం, అవటు గ్రంథి కణాల మీద టీఎస్‌హెచ్ అంటుకునే గ్రాహకాన్నే పట్టుకొని, టీఎస్‌హెచ్ లాగానే దాన్ని ఉత్తేజపరుస్తుంది. పీయూష గ్రంథి టీఎస్‌హెచ్‌ను పూర్తిగా ఆపినా ఈ ప్రతిరక్షకానికి అడ్డు లేదు కాబట్టి గ్రంథి ఆగకుండా పనిచేస్తూ సమంగా ఉబ్బుతుంది. పురుషులలో కంటే స్త్రీలలో ఇది అనేక రెట్లు ఎక్కువ. 20 నుంచి 50 ఏళ్ళ మధ్య తరచుగా మొదలవుతుంది. కుటుంబంలో అవటు గ్రంథి వ్యాధులు, టైప్ 1 మధుమేహం, బొల్లి వంటి స్వయం ప్రతిరక్షక వ్యాధులు ఉండటం దీని అవకాశాన్ని పెంచుతుంది. ధూమపానం వ్యాధికీ, అంతకంటే ఎక్కువగా దాని కంటి ఉపద్రవానికీ తోడ్పడుతుంది.

కారణాలు: గడ్డలు

చాలా ఏళ్ళుగా ఉన్న గాయిటర్‌లోని, అంటే ఉబ్బిన అవటు గ్రంథిలోని, కొన్ని గడ్డలు, లేదా ఒంటరిగా పెరిగిన ఒకే గడ్డ, టీఎస్‌హెచ్ అదుపు నుంచి తప్పుకొని తమంతట తామే హార్మోన్ తయారుచేయవచ్చు. ఇది నెమ్మదిగా, ఎక్కువగా నడివయసు దాటినవారిలో వస్తుంది. గుడ్లు ముందుకు తోసుకురావడం ఉండదు. గ్రేవ్స్ వ్యాధి కొందరిలో మందులతో శాంతించే అవకాశముంది గాని, గడ్డల వల్ల వచ్చినది దానంతటది తగ్గదు.

కారణాలు: గ్రంథి వాపు

వైరస్ జ్వరం తరువాత కొన్ని వారాలకు మెడ ముందుభాగం ముట్టుకోలేనంత నొప్పిగా మారి, ఆ నొప్పి చెవి వైపు పాకుతూ, జ్వరం వస్తే అది డి కెర్వాన్ థైరాయిడైటిస్ కావచ్చు. ఈ పేరు 1904లో దాన్ని వర్ణించిన స్విస్ శస్త్రవైద్యుడిది. నొప్పి లేని వాపు కూడా ఉంది. ప్రసవమైన ఏడాదిలోపు కొందరు తల్లులకు వచ్చేది ఆ రకమే. దడ, అలసట, చిరాకు, నిద్రలేమి పసిబిడ్డ పెంపకంలోని శ్రమగా తోసిపుచ్చబడే ప్రమాదం ఇక్కడ ఎక్కువ. ఈ వాపులన్నిటిలో నిల్వ హార్మోన్ ఒలకడం వల్ల కొన్ని వారాలు అతిక్రియ లక్షణాలు, నిల్వ అయిపోయాక కొన్ని నెలలు లోప లక్షణాలు, ఆపైన ఎక్కువమందిలో మామూలు స్థితి వరుసగా వస్తాయి. తయారీయే జరగని చోట తయారీని ఆపే మందు నిష్ప్రయోజనం. కారణం తేల్చకుండా చికిత్స మొదలుపెట్టడంలోని ప్రధానమైన పొరపాటు ఇదే.

కారణాలు: మందులు, గర్భధారణ, ఇతరాలు

హైపోథైరాయిడిజానికి వాడే లెవోథైరాక్సిన్ మోతాదు మించినా, బరువు తగ్గడానికని అవసరం లేనివారు దాన్ని మింగినా అతిక్రియ లక్షణాలే వస్తాయి. గుండె లయ సరిచేయడానికి వాడే అమియోడరోన్ బరువులో సుమారు 37 శాతం అయోడినే కావడం వల్ల గ్రంథిని రెండు విధాలుగా, అంటే అతిగా పనిచేయించీ, వాచేలా చేసీ, దెబ్బతీయగలదు. అమెరికాలో 1984-85లో మిన్నెసోటా, పరిసర రాష్ట్రాలలో వచ్చిన థైరోటాక్సికోసిస్‌కు కారణాన్ని వెతకగా, పశువుల గొంతు భాగంతో పాటు అవటు గ్రంథి కూడా కలిసిపోయిన మాంసపు కీమా అని తేలింది.

గర్భం మొదటి మూడు నెలల్లో పెరిగే హెచ్‌సీజీ అనే హార్మోన్‌కు టీఎస్‌హెచ్‌తో పోలిక ఉన్నందున గ్రంథి కొద్దిగా ఉత్తేజితమవుతుంది. వేవిళ్ళు తీవ్రంగా ఉన్నవారిలో ఇది స్పష్టంగా కనిపించి, నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. పీయూష గ్రంథిలో టీఎస్‌హెచ్‌ను స్రవించే కణితి, అవటు కణజాలంతో ఏర్పడే అండాశయ కణితి చాలా అరుదు. టీఎస్‌హెచ్ తగ్గకుండానే అతిక్రియ కనిపించే ఆ ఒక్క కారణం వీటిలో మొదటిది.

అయోడిన్‌తో సంబంధం

అయోడిన్ ఈ గ్రంథికి ముడిసరుకు, సందర్భాన్ని బట్టి కళ్ళెం కూడా. పెద్ద మోతాదు ఒక్కసారిగా అందితే ఆరోగ్యకరమైన గ్రంథి కొద్ది రోజులు హార్మోన్ తయారీని ఆపేస్తుంది. 1948లో వర్ణించిన ఇద్దరి పేర్లతో దీన్ని వోల్ఫ్-చైకాఫ్ ప్రభావం అంటారు. అదుపు తప్పిన గడ్డలున్న గ్రంథికి ఈ కళ్ళెం ఉండదు, అందిన అయోడిన్‌నంతా హార్మోన్‌గా మారుస్తుంది. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో 1966లో రొట్టెకు అయోడిన్ చేర్చిన తరువాత, ముఖ్యంగా పాత గాయిటర్ ఉన్న పెద్దవయసువారిలో, అతిక్రియ కేసులు కొన్నేళ్ళపాటు పెరిగి తరువాత తగ్గాయి.

భారతదేశంలో ఉప్పుకు అయోడిన్ చేర్చే విధానానికి పునాది వేసిన కాంగ్రా లోయ ప్రయోగాన్ని 1956లో ప్రారంభించినవారు శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి. కొన్ని మండలాలకు అయోడిన్ ఉప్పు, పోల్చడానికి ఒక మండలానికి మామూలు ఉప్పు అందించగా, అయోడిన్ అందిన చోట గాయిటర్ స్పష్టంగా తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1992లో దాని పేరును అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ కార్యక్రమంగా మార్చారు. వినియోగదారుడికి చేరే ఉప్పులో కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలి. రోజుకు పది గ్రాముల ఉప్పు తింటే దాని నుంచి అందేది 150 మైక్రోగ్రాములు, పెద్దవారి అవసరం అంతే. అతిక్రియ ఉన్నవారు అయోడిన్ లేని ఉప్పు కోసం వెతకవలసిన పని సాధారణంగా లేదు. సముద్రపు నాచు మాత్రలు, అయోడిన్ టానిక్కుల వంటి భారీ మోతాదులకు దూరంగా ఉంటే చాలు. రేడియోధార్మిక అయోడిన్ పరీక్షకు లేదా చికిత్సకు ముందు కొద్ది రోజులు పాటించే పథ్యం వేరే విషయం.

లక్షణాలు

అవటు హార్మోన్ కణాల జీవక్రియ వేగాన్ని నిర్ణయిస్తుంది, అడ్రినలిన్ ప్రభావాన్ని పెంచుతుంది. అందువల్ల అతిక్రియ లక్షణాలు ఏ ఒక్క అవయవానికీ పరిమితం కావు. ఆకలి బాగా ఉండి తిండి పెరిగినా బరువు తగ్గడం వీటిలో ప్రసిద్ధమైనది. మధుమేహంలో కూడా ఇలాగే జరుగుతుంది. క్షయలో బరువుతో పాటు ఆకలి కూడా తగ్గుతుంది. కొందరు యువ రోగులలో తిండి మరీ పెరగడం వల్ల బరువు పెరగడం కూడా ఉంది కాబట్టి, బరువు తగ్గలేదన్న ఒక్క కారణంతో అతిక్రియను కొట్టిపారేయరాదు.

వేడి తట్టుకోలేకపోవడం, అతిగా చెమట పట్టడం మరో జంట లక్షణం. తెలుగు ప్రాంతాల వేసవిలో ఉక్కపోత అందరికీ ఉన్నదే గనుక, దీన్ని ఇంట్లో మిగిలినవారితో పోల్చి చూడాలి: పుష్యమాసపు చలిలో అందరూ దుప్పటి కప్పుకున్నప్పుడు ఒక్కరే ఫ్యాన్ కావాలంటే అది గమనించదగిన విషయం. చాచిన చేతివేళ్ళలో సన్నని వణుకు, చిరాకు, నిలకడ లేకపోవడం, నిద్ర పట్టకపోవడం ఆందోళన రుగ్మతను పోలి ఉంటాయి. రెండింటినీ వేరుచేయడానికి వైద్యులు వాడే పాత ఉపాయం కరచాలనం: ఆందోళనలో అరచేయి చల్లగా తడిగా, అతిక్రియలో వెచ్చగా తడిగా ఉంటుంది. నిద్రలో కూడా నాడి వేగం తగ్గకపోవడం అతిక్రియ వైపు మొగ్గు చూపే గుర్తు.

గుండె దడ దాదాపు అందరిలోనూ ఉంటుంది. వయసు పైబడినవారిలో గుండె పై గదులు క్రమం తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చి, గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. ఫ్రామింగ్‌హామ్ అనే దీర్ఘకాల గుండె అధ్యయనం నుంచి 1994లో వెలువడిన ఫలితాల ప్రకారం, 60 ఏళ్ళు దాటినవారిలో టీఎస్‌హెచ్ బాగా తక్కువగా ఉంటే పదేళ్ళలో ఈ లయదోషం వచ్చే ప్రమాదం సుమారు మూడు రెట్లు.

తొడలు, భుజాల కండరాలు సన్నబడటం వల్ల బాసీపట్టు వేసుకొని కూర్చున్నవారు చేతి ఊతం లేకుండా లేవలేకపోవచ్చు. ఆసియా సంతతి యువకులలో కనిపించే ప్రత్యేక రూపం ఒకటుంది: పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న భోజనం తరువాతనో, కఠిన శ్రమ తరువాతి విశ్రాంతిలోనో రక్తంలో పొటాషియం పడిపోయి, తెల్లవారేసరికి కాళ్ళు కదపలేని స్థితి వస్తుంది. పొటాషియం ఇస్తే కొన్ని గంటల్లో తగ్గే ఈ పక్షవాతానికి మూలం అవటు గ్రంథి అని తెలియకపోతే అది మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది.

మలవిసర్జన ఎక్కువసార్లు కావడం, నెలసరి తగ్గడం లేదా తప్పడం, జుట్టు రాలడం, గోళ్ళు వేలి నుంచి విడివడటం, గర్భస్రావం, దీర్ఘకాలంలో ఎముకలు గుల్లబారడం కూడా ఉంటాయి. వృద్ధులలో మాత్రం ఈ హడావిడి ఏదీ లేకుండా నీరసం, ఆకలి మందగించడం, ముభావంగా ఉండటం, బరువు తగ్గడం మాత్రమే కనిపించవచ్చు. వయసు మీద పడిందనుకొని దీన్ని వదిలేయడం సులభం గనుక, కారణం తెలియని బరువు తగ్గుదలకు ఈ వయసులో టీఎస్‌హెచ్ పరీక్ష తప్పనిసరి.

కంటి, చర్మ మార్పులు

పై కనురెప్ప పైకి లాగినట్లుండి చూపు తేరిపార చూస్తున్నట్లు కనిపించడం ఏ రకం అతిక్రియలోనైనా ఉండవచ్చు. కంటి వెనుక కొవ్వు, కండరాలు ఉబ్బి గుడ్లు ముందుకు తోసుకువచ్చే మిడిగుడ్ల స్థితి గ్రేవ్స్ వ్యాధికే ప్రత్యేకం. కళ్ళు ఎర్రబడటం, ఇసుక పడినట్లుండటం, ఒకే వస్తువు రెండుగా కనబడటం దీని లక్షణాలు. రంగులు వెలిసినట్లు కనిపిస్తే కంటి నరం నలుగుతున్నదని భావించి వెంటనే నేత్రవైద్యుని చూడాలి. మోకాలికీ చీలమండకూ మధ్య కాలి ముందుభాగంలో చర్మం దళసరెక్కి నారింజ తొక్కలా మారడం కూడా కొద్దిమంది గ్రేవ్స్ రోగులలో ఉంటుంది.

రోగనిర్ధారణ

టీఎస్‌హెచ్ తక్కువ, స్వేచ్ఛా (అంటే రక్తంలోని ప్రోటీన్లకు అంటుకోని) టీ4 లేదా టీ3 ఎక్కువ ఉంటే అతిక్రియ స్పష్టం. కొందరిలో టీ4 మామూలుగా ఉండి టీ3 మాత్రమే పెరుగుతుంది. టీఎస్‌హెచ్ మాత్రమే తగ్గితే దాన్ని అంతర్గత దశ అంటారు. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు అనేక ప్రయోగశాల పద్ధతులను తికమకపెట్టి, లేని గ్రేవ్స్ వ్యాధిని ఉన్నట్లు చూపగలవు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపాలి. కారణం తేల్చడానికి టీఎస్‌హెచ్ గ్రాహక ప్రతిరక్షక పరీక్ష, రేడియోధార్మిక అయోడిన్ లేదా టెక్నీషియం స్కాన్ ఉపయోగపడతాయి. స్కాన్‌లో గ్రంథి అంతా సమంగా మెరిస్తే గ్రేవ్స్ వ్యాధి, ఒకటి రెండు చోట్ల మెరిస్తే గడ్డలు, ఏమీ మెరవకపోతే వాపు లేదా మాత్రల ప్రభావం. గర్భిణులకు ఈ స్కాన్ చేయరు.

చికిత్స

దడ, వణుకులను ప్రొప్రనొలాల్ వంటి మందులు త్వరగా తగ్గిస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి ఇవి తగవు. హార్మోన్ తయారీని ఆపడానికి భారతదేశంలో ఎక్కువగా వాడేది కార్బిమజోల్, అది శరీరంలో మెథిమజోల్‌గా మారి పనిచేస్తుంది. గ్రేవ్స్ వ్యాధిలో దీన్ని 12 నుంచి 18 నెలలు వాడతారు. ఆపిన తరువాత సుమారు సగంమందిలో వ్యాధి తిరిగి వస్తుంది. వెయ్యిమందిలో ఇద్దరి నుంచి ఐదుగురిలో ఈ మందు తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించవచ్చు. మందు వాడుతున్నప్పుడు జ్వరంతో గొంతునొప్పి వస్తే, దాన్ని మామూలు జలుబుగా భావించక మందు ఆపి అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. గర్భం మొదటి మూడు నెలల్లో పిండానికి ముప్పు తక్కువని ప్రొపైల్‌థయోయురాసిల్‌ను ఎంచుకుంటారు. కాలేయాన్ని దెబ్బతీసే గుణం వల్ల మిగతా సమయాలలో దానికి రెండో స్థానమే.

ఎనిమిది రోజుల అర్ధాయువు గల అయోడిన్-131ను నోటి ద్వారా ఇస్తే, అది గ్రంథిలో చేరి కణాలను క్రమంగా నశింపజేస్తుంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది నిషిద్ధం. కంటి వ్యాధి చురుకుగా ఉన్నవారిలో, ముఖ్యంగా పొగతాగేవారిలో, దాన్ని మరింత పెంచవచ్చు. పెద్ద గాయిటర్, క్యాన్సర్ అనుమానం వంటి సందర్భాలలో శస్త్రచికిత్స చేస్తారు. స్వరానికి సంబంధించిన నాడికి, కాల్షియాన్ని నియంత్రించే చిన్న గ్రంథులకు దెబ్బ తగిలే ముప్పు అనుభవజ్ఞుల చేతిలో తక్కువ. ఈ రెండు మార్గాలలో ఎక్కువమందికి తరువాత జీవితాంతం థైరాక్సిన్ మాత్ర అవసరమవుతుంది.

థైరాయిడ్ తుఫాను

చికిత్స లేని లేదా మందు హఠాత్తుగా మానేసిన రోగికి ఇన్ఫెక్షన్, ఆపరేషన్, ప్రసవం వంటి ఒత్తిడి ఎదురైతే తీవ్ర జ్వరం, అతివేగమైన నాడి, వాంతులు, విరేచనాలు, మతిభ్రమణ, కామెర్లు, స్పృహ తప్పడం ఒక్కసారిగా రావచ్చు. అత్యవసర విభాగంలోనే చికిత్స జరగవలసిన ఈ స్థితిలో మరణాలు నేటికీ తక్కువ కావు. తయారీని ఆపే మందు ఇచ్చిన కనీసం గంట తరువాతనే అయోడిన్ ఇవ్వాలి, లేకపోతే ఆ అయోడిన్ కొత్త హార్మోన్‌కు ముడిసరుకవుతుంది. జ్వరానికి పారాసిటమాల్ వాడతారు. ఆస్పిరిన్ రక్తంలోని ప్రోటీన్ల నుంచి హార్మోన్‌ను విడదీసి పరిస్థితిని విషమింపజేస్తుంది.

గర్భిణులు, నవజాత శిశువులు

గ్రేవ్స్ ప్రతిరక్షకాలు మాయ గుండా బిడ్డను చేరగలవు. తల్లి గ్రంథిని పూర్వమే ఆపరేషన్‌తో తొలగించినా, అయోడిన్‌తో నశింపజేసినా ఆ ప్రతిరక్షకాలు ఏళ్ళ తరబడి రక్తంలో మిగలవచ్చు. అందువల్ల థైరాక్సిన్ మాత్ర వేసుకుంటూ పూర్తి ఆరోగ్యంగా ఉన్న తల్లి కూడా తనకు ఒకప్పుడు గ్రేవ్స్ వ్యాధి ఉండేదని ప్రసూతి వైద్యులకు చెప్పవలసి ఉంటుంది. ప్రతిరక్షక స్థాయి ఎక్కువగా ఉంటే గర్భంలోనే బిడ్డ గుండె వేగాన్ని, మెడ వాపును స్కాన్ ద్వారా గమనిస్తారు. పుట్టిన బిడ్డలో దడ, బరువు పెరగకపోవడం కనిపిస్తే తాత్కాలికంగా మందు ఇస్తారు. తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు కొన్ని నెలల్లో హరించుకుపోగానే బిడ్డ గ్రంథి మామూలు స్థితికి వస్తుంది.